వాషింగ్ మిషన్‌కి వాస్తు

వాస్తు వల్ల ఫలితం కనిపించిందని చెప్పేవాళ్ళు మనకి రోజూ తగులుతూనే ఉంటారు. అయితే ఆ ఫలితాన్ని గడియారం పెట్టి కొలిచే అవకాశం మాత్రం ఎప్పుడో గానీ దొరకదు. "గుమ్మం మార్చాక కలిసొచ్చింది" అంటారు. కలిసిరావడాన్ని ఏ త్రాసులో తూచాలి? "వీధిపోటు పోయాక మనశ్శాంతి దొరికింది" అంటారు. మనశ్శాంతిని ఏ కొలతలో చెప్పాలి? ఇలాంటి మాటల మీద ఎంతసేపు వాదించినా ఎవరి నమ్మకంతో వాళ్ళు ఇంటికి పోతారు. ఈమధ్య సూరత్‌లో మాత్రం వాస్తు తన ఫలితాన్ని నిమిషాల లెక్కలో చూపించింది. ఒక వాషింగ్ మిషన్‌ని ఈశాన్యం మూల నుంచి వాయవ్యం మూలకి జరిపారు. అంతకుముందు పదిన్నర నిమిషాలు పట్టే నీళ్ళు ఏడు నిమిషాల్లో బయటికి పోయాయి. ఇది అబద్ధం కాదు. నేను కూడా గడియారం పట్టుకుని చూశాను.

హేతువాదులం కాబట్టి "అదంతా మీ భ్రమ" అని కొట్టిపారేయడం సులువు. కానీ అది భ్రమ కాదు కదా! నీళ్ళు నిజంగానే తొందరగా పోయాయి. కళ్ళెదుట జరిగినదాన్ని కాదంటే ఎదుటివాళ్ళు మన మాట ఇంకోసారి వినరు. జరిగిందని ఒప్పుకుని, ఎందుకు జరిగిందో వెతకడమే మన పని.

అసలు విషయానికొస్తాను. సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు మాటలు వినపడతాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు భీవండికి, షోలాపూర్‌కి వెళ్ళినట్టే ఇక్కడికి కూడా మరమగ్గాల మీద పని కోసం వచ్చి స్థిరపడ్డారు. సిరిసిల్లలో లాగే ఇక్కడి మనవాళ్ళు కూడా మరమగ్గాలని సాంచాలనే అంటారు. నేను చెప్పే ఇంట్లో ఆయన సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. ఆమె ఇంట్లోనే ధాగా కటింగ్ చేస్తుంది. అంటే చీరల మీద పనితనం అయ్యాక వెనకవైపు వేలాడే పోగుల్ని కత్తిరించే పని. చీరకి ఇంత అని కూలి. ఇల్లంతా చీరలు, చీరలంతా పోగులు. వాళ్ళకి పద్నాలుగేళ్ళ కూతురు ఉంది. ఆ పిల్లకి మూర్ఛ వ్యాధి. ప్రభుత్వాసుపత్రిలో చూపించి రోజూ మాత్రలు వేస్తున్నారు.

వాళ్ళ మిషన్ పాతది, ఇంకొకరి దగ్గర కొన్న సెమీ ఆటోమేటిక్. ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి. కొన్నాళ్ళుగా ఉతికిన నీళ్ళు సరిగ్గా పోవడం లేదు. సగం దాకా బాగానే పోయి, చివర్లో ఒక బెత్తెడు నీళ్ళు కదలకుండా నిలబడతాయి. మురికి నీళ్ళు పూర్తిగా పోతే గానీ జాలించడానికి మంచినీళ్ళు పట్టలేరు. ఇక్కడ మున్సిపల్ నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ రావు, వచ్చే వేళకే పని ముగించుకోవాలి. చీరకి ఇంత అని బతికే మనిషికి ఒక ఉతుకులో అరగంట పోతే అరగంట కూలి పోయినట్టే.

మొదట రిపేరు చేసే అబ్బాయి ఒకడు వచ్చాడు. మూత తీసి, తల ఊపి, "పంపు పోయింది, కొత్తది వేయాలి, 1800 అవుతుంది" అన్నాడు. తర్వాత బంధువుల ద్వారా వాస్తు చెప్పే ఆయన వచ్చాడు. ఈశాన్యంలో బరువు పెట్టారు, అందుకే నీళ్ళు కదలడం లేదన్నాడు. మిషన్‌ని వాయవ్యానికి జరిపించి 1100 తీసుకున్నాడు. జరిపిన రోజు నుంచే ఫలితం కనిపించింది.

ఇంతటితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. పదకొండు వందలు పోతే పోయాయి, మిషన్ కొంచెం బాగుపడింది అనుకునేవాళ్ళం. అయితే మిషన్ విషయంలో మాట నెగ్గిన ఆయన రెండోసారి వచ్చినప్పుడు పిల్ల సంగతి ఎత్తాడు. ఫిట్స్‌కి కూడా కారణం ఆ మూలేనట. ఒక యంత్రం ప్రతిష్ఠించాలి, ఆ తర్వాత మాత్రలు మెల్లగా మానిపించవచ్చు, ఆ మాత్రలు వేడి చేస్తాయి, అని చెప్పి వెళ్ళాడు. నేను అనుమానంగా మాట్లాడితే ఆ తల్లి నాకు ఇచ్చిన జవాబు ఇది: "మిషన్ జరిపినంక నీళ్ళు జల్ది పోతున్నయ్ గదన్నా. మీరు నమ్మకుంటే మీ ఇష్టం, నేనైతే కండ్లతోని చూసిన."

ఆమె తర్కంలో తప్పు వెతకడం కష్టం. ఒక మనిషి ఒక మాట చెప్పాడు, చేసి చూశారు, ఫలితం వచ్చింది. అతని ఇంకో మాట కూడా నిజం కావచ్చుననుకోవడం సహజం. డాక్టర్ల విషయంలో మనమూ అదే చేస్తాం. కాబట్టి ఇప్పుడు ఆ పిల్ల మాత్రలు వాషింగ్ మిషన్ మీద ఆధారపడ్డాయి. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ మళ్ళీ రావచ్చు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మాత్రలు ఆపి ఏం జరుగుతుందో చూద్దామనే పరీక్ష ఆ పిల్ల మీద చేయడానికి వీల్లేదు. కానీ ఆ మాత్రల గురించి చెప్పిన మనిషి మాటకి విలువ ఎక్కడ నుంచి వచ్చిందో ఆ వస్తువు మీద పరీక్ష చేయవచ్చు. వాషింగ్ మిషన్‌కి నొప్పి లేదు. ఎన్నిసార్లు పరీక్షించినా ఏమీ అనుకోదు.

"సరే చెల్లే, వాస్తు పనిచేసిందా లేదా నువ్వే చూద్దువు గానీ, ఒక్క ఆదివారం మిషన్ నాకివ్వు" అన్నాను. ఆమె నవ్వి ఒప్పుకుంది. ఆయన కూడా షిఫ్టు దిగి వచ్చి పక్కన కూచున్నాడు.

ముందు పంపు సంగతి తేల్చుకున్నాం. అన్ని వాషింగ్ మిషన్లూ ఒకటి కాదు. ముందువైపు తలుపుండే మిషన్లలో నీళ్ళని బయటికి నెట్టడానికి కరెంటు పంపు ఉంటుంది. మామూలు సెమీ ఆటోమేటిక్‌లో ఉతికే తొట్టికి పంపు ఉండదు. పైన తిప్పే మీట ఒక పట్టీని లాగుతుంది, ఆ పట్టీ తొట్టి కింద ఉన్న రబ్బరు వాల్వుని పైకెత్తుతుంది, నీళ్ళు వాటి బరువుకి అవే కిందికి పోతాయి. ఈ మిషన్ ఏ రకమో తెలుసుకోవడం చాలా తేలిక. తొట్టి నింపి, ప్లగ్గు పీకేసి, మీట డ్రెయిన్ వైపు తిప్పాను. నీళ్ళు ఎప్పటిలాగే మెల్లగా పోవడం మొదలుపెట్టాయి. గోడకి ప్లగ్గే లేనప్పుడు ఏ పంపు తిరుగుతున్నట్టు? ఆయన ఒక నిమిషం ఆ ప్లగ్గు వంక చూసి, "అయితే వాడు 1800 దేనికి అడిగిండు?" అన్నాడు. దానికి సమాధానం నా దగ్గర లేదు. లేని పంపు మార్చడానికి అడిగాడన్నది మాత్రం తేలింది.

రెండోది బయటి మోరీ. వానాకాలంలో లింబాయత్ వైపు మీఠీ ఖాడీ పొంగితే ఇళ్ళలోని నీళ్ళు బయటికి పోకపోగా వెనక్కి తంతాయి. ఇక్కడివాళ్ళకి ఇది కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళతో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. అంతకుముందు 1994లో వరదనీళ్ళు నిలిచిపోయి, చెత్త పేరుకుపోయిన రోజుల తర్వాతే ఊపిరితిత్తుల ప్లేగు భయం పుట్టి లక్షలమంది ఈ ఊరు విడిచి పారిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో చెత్త ఎత్తడం, వీధులు ఊడ్వడం, మురికివాడల్లో కాలువలు బాగుచేయడం రోజువారీ పనిగా నడిచాయి. ఊరి పేరు మారిపోయింది. అంటే ఈ ఊళ్ళో "నీళ్ళు పోవడం లేదు" అంటే ముందు బయటి కాలువనే అనుమానించాలి. అదీ చూశాం. వెనకవైపు గిన్నెలు తోముకునే చోకడీలో రెండు బకెట్ల నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించాం. గటగటా పోయాయి. బయటి దారి బాగానే ఉంది. లోపం ఇంట్లోనే.

ఇప్పుడు వాస్తు వంతు. మిషన్ మొదట ఉన్న ఈశాన్యం మూలకీ చోకడీకీ మధ్య ఒక చిన్న గట్టు ఉంది, ఎనిమిది అంగుళాల ఎత్తు. మిషన్ పైపు ఆ గట్టు ఎక్కి అవతల పడేది. వాయవ్యం వైపు గట్టు లేదు. అక్కడికి జరిపాక పైపు నేల మీదే పడుకుని నేరుగా చోకడీలోకి వెళ్తోంది. అంటే మిషన్ జరిపిన రోజు మారింది ఒక్క దిక్కు కాదు. దిక్కు మారింది, పైపు ఎత్తు కూడా మారింది. రెండూ ఒకేసారి మారాక ఫలితం దేనివల్ల వచ్చిందో ఆ ఒక్క రోజుని చూసి ఎవరూ చెప్పలేరు. వాస్తు ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను.

దీనికి ఉపాయం ఉంది. రెండు సంగతులుంటే నాలుగు జతలు కుదురుతాయి. ఈశాన్యంలో పైపు ఎత్తుగా, ఈశాన్యంలో పైపు నేల మీద, వాయవ్యంలో పైపు ఎత్తుగా, వాయవ్యంలో పైపు నేల మీద. వీటిలో రెండే జరిగాయి. మిగతా రెండు కూడా చేసి చూస్తే తేలిపోతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ ఎరువుల్ని పోల్చడానికి ఇలాంటి పద్ధతుల్ని శాస్త్రంగా మలిచాడు, 1935లో ప్రయోగాల రూపకల్పన మీద పుస్తకం రాశాడు. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది మన తెలుగువాడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న సి.ఆర్. రావు (1920-2023). సంగతులు ఎక్కువైనప్పుడు అన్ని జతలూ చేయకుండానే, ఏ కొన్ని చేస్తే సరిపోతుందో చూపించే అమరికల మీద ఆయన 1940లలో చేసిన పని తర్వాత ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలకి పునాది అయింది. మనకున్నవి రెండు సంగతులే కాబట్టి నాలుగు జతలూ చేసేయవచ్చు.

తొట్టి లోపల మార్కర్‌తో ఒక గీత గీశాం. ప్రతిసారీ ఆ గీత దాకా మంచినీళ్ళే, బట్టల్లేకుండా. బట్టలుంటే ఒక్కో ఉతుకుకీ ఒక్కో లెక్క వస్తుంది. మీట తిప్పినప్పటి నుంచి పైపు చివర ధార తెగేదాకా సమయం చూసే పని పిల్లకి అప్పగించాం. తన పాత నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి, వాళ్ళ నాన్న ఫోన్ పట్టుకుని కూచుంది.

ఈశాన్యంలో గట్టు మీదుగా పైపు: పదిన్నర నిమిషాలు. వాయవ్యంలో నేల మీద పైపు: ఏడు నిమిషాలు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మూడోసారి మిషన్‌ని మళ్ళీ ఈశాన్యానికి జరిపి, పైపుని గట్టెక్కించకుండా ఇంట్లోనే నేల మీద వదిలేశాం. నీళ్ళు గదిలోంచి పారి వెనక గుమ్మం దాటాయి. ఆమె చీరల మూటలు మంచమెక్కించి చీపురు పట్టుకుని నిలబడింది. ఏడు నిమిషాలు. నాలుగోసారి వాయవ్యంలోనే పెట్టి, పైపు కింద ఇటుకలు పేర్చి గట్టంత ఎత్తు చేశాం. పదిన్నర. అనుమానం మిగలకూడదని మర్నాడు ఆ చివరి రెండూ మళ్ళీ చేశాం. పావు నిమిషం అటూ ఇటూ అవే అంకెలు వచ్చాయి.

పిల్ల నోటుబుక్కు మా ముందు పెట్టింది. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా సంగతి ఒకటే. పైపు నేల మీదుంటే ఏడు, ఎత్తు మీదుంటే పదిన్నర. మిషన్ ఏ దిక్కునుందో నీళ్ళకి తెలియదు.

ఎందుకలా అన్నదానికి పదిహేడో శతాబ్దంలోనే ఇటలీలో టారిచెల్లి జవాబు చెప్పాడు. ఒక పాత్రలోంచి నీళ్ళు ఎంత వేగంగా బయటికి వస్తాయన్నది, లోపలి నీటి మట్టం బయటికి వచ్చే చోటు కన్నా ఎంత ఎత్తున ఉందో దాని వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు ఎనిమిది అంగుళాల గట్టు పెద్ద లెక్కలోకి రాదు. నీళ్ళు తగ్గేకొద్దీ మట్టానికీ గట్టుకీ మధ్య తేడా కుంచించుకుపోతుంది. అందుకే సగం దాకా బాగా పోయి చివరి బెత్తెడు మొరాయిస్తుంది. మొదట్లో ఆమె చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

ఆయన ఒక మంచి ప్రశ్న వేశాడు. "వాయవ్యానికి జరిపినందుకే గదా అన్నా పైపు నేలకి దిగింది? అట్లైతే వాస్తు పనిచేసినట్టే గదా?" దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జరపడం వల్ల మేలు జరిగిన మాట నిజమే. అయితే ఏది మేలు చేసిందో తెలిస్తే ఆ మేలుని ఎక్కడైనా చేసుకోవచ్చు. గట్టుకి పైపు పట్టేంత కన్నం పెట్టినా ఇదే ఫలితం, మిషన్‌ని నాలుగిటుకల మీదకి ఎత్తినా ఇదే ఫలితం. దక్షిణం గోడకి ఆనించినా ఇదే. కారణం తెలియనివాడు మాత్రం ప్రతి ఇంట్లోనూ మిషన్‌ని వాయవ్యానికే జరిపిస్తాడు. వాయవ్యంలోనే గట్టున్న ఇంట్లో ఫలితం రాకపోతే, మీ భక్తిలో లోపమనో, ఇంకో మూల కూడా పాడైందనో అంటాడు. గెలిస్తే శాస్త్రం, ఓడితే మన ఖర్మ. 2020లో హైదరాబాద్‌లో సచివాలయ భవనాలు పడగొట్టినప్పుడు వాస్తు మాట ఎంతగా వినపడిందో మనకి గుర్తుంది. అంత పెద్ద భవనాలకి నాలుగు గళ్ళ పరీక్ష పెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే ఆ నమ్మకం అక్కడ హాయిగా బతుకుతుంది. వాషింగ్ మిషన్ దగ్గరికి వచ్చి దొరికిపోయింది.

ఇంకా పని మిగిలే ఉంది. పైపు నేల మీదున్నా ఏడు నిమిషాలంటే ఎక్కువే. కాబట్టి రెండో కారణమేదో ఉంది. ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి, పైపుని తీసి కుళాయి కింద పెట్టి చూశాం. ఇటు పోసిన నీళ్ళు అటు ధారగా వచ్చాయి. పైపులో అడ్డం లేదు. ఇక మిగిలింది వాల్వు. దాని మూత మరలు తిప్పి తీస్తే లోపల ఒక స్ప్రింగు, రబ్బరు వాల్వు, వాటి చుట్టూ కోడిగుడ్డంత ఉండ. నల్లగా, జిగటగా. నీళ్ళలో పెట్టి విడదీస్తే ఎరుపు, పచ్చ, నీలం, జరీ పోగులు బయటపడ్డాయి. ఆమె కత్తిరించిన చీరల పోగులే. చీర కొంగుకి, నైటీకి, పిల్ల యూనిఫాంకి అంటుకుని తొట్టిలోకి చేరినవి.

సూరత్‌లో తయారయ్యేది ఎక్కువగా పాలియెస్టర్ బట్ట. నూలు పోగు అయితే నానీ నానీ కొన్నాళ్ళకి తెగుతుంది. పాలియెస్టర్ పోగు కుళ్ళదు, అంత తేలిగ్గా తెగదు. ఒకటి స్ప్రింగుకి చుట్టుకుంటే దాన్ని పట్టుకుని ఇంకొకటి. కఠిన జలంలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లటి జిడ్డు కడుతుంది, అది ఈ పోగుల్ని ఉండగా అతికిస్తుంది. నీళ్ళు పోయే దారి అడ్డకొలత సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది. అందుకే ఇది ఒక్కరోజులో వచ్చిన రోగం కాదు, నెలల తరబడి పెరిగింది.

ఉండ తీసేసి, వాల్వు పాత బ్రష్షుతో రుద్ది, మూత బిగించి మళ్ళీ గీత దాకా నింపాం. పైపు నేల మీద: మూడు నిమిషాలు. ఇటుకల మీద: నాలుగున్నర. ఖర్చు ఏమీ లేదు. ఇలాంటి మిషన్ ఇంట్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే. ముందు ప్లగ్గు పీకి నీళ్ళు పోతాయేమో చూడండి, పోతే పంపు మాట ఎత్తినవాణ్ణి నమ్మకండి. మోరీలో బకెట్ నీళ్ళు పోసి చూడండి. పైపు నేల మీద, మడత పడకుండా ఉందో లేదో చూడండి. చివరికి వాల్వు విప్పండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ సమయం రాసుకోండి. అన్నీ ఒకేసారి చేస్తే మిషన్ బాగుపడుతుంది గానీ, ఏది బాగుచేసిందో మీకు తెలియదు. వచ్చేసారి ఎవరో ఒకరు వచ్చి ఆ పేరు తన ఖాతాలో వేసుకుంటారు.

ఆ సాయంత్రం పిల్ల మాత్రల గురించి నేను ఎత్తలేదు. ఎత్తింది తల్లే. నోటుబుక్కులోని గళ్ళు చూస్తూ చాలాసేపు ఊరుకుంది. "మొన్న ఫిట్స్ వచ్చింది ఊరికి పోయి వచ్చినంకనే గదా" అంది మొగుడితో. ఎనిమిది నెలలు ఏమీ లేని పిల్లకి మొన్న మళ్ళీ ఫిట్స్ రావడంతోనే వాస్తు ఆయన మాట చెవికెక్కింది. ఆ ముందు వారం బంధువుల పెళ్ళికి ఊరెళ్ళారు. అక్కడ ఏమేమి మారాయో వాళ్ళే లెక్కపెట్టుకున్నారు. నిద్ర లేదు. ప్రయాణం. రెండు రోజులు గోలీలు మరిచిపోయారు. ఈశాన్యంలో మిషన్ మాత్రం అప్పటికి రెండేళ్ళుగా అక్కడే ఉంది, ఫిట్స్ లేని ఎనిమిది నెలలూ అక్కడే ఉంది.

మందు వేళకి వేయకపోవడం, నిద్ర చెడటం ఫిట్స్‌ని తిరగబెట్టే కారణాలుగా డాక్టర్లందరూ చెప్పేవే. ఈ పిల్ల విషయంలో ఏది కారణమో తేల్చాల్సింది డాక్టరు, నేను కాదు. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి జరిగిందంతా చెప్పమన్నాను, వెళ్ళారు. మాత్రలు కొనసాగుతున్నాయి. యంత్రం ప్రతిష్ఠ వాయిదా పడింది. మానుకున్నారని అనను, వాయిదా పడింది.

మిషన్‌కీ శరీరానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. దీన్ని మన సభల్లో ఇంకా ఎక్కువగా చెప్పాలని నా అభిప్రాయం. మిషన్ దానంతట అది బాగుపడదు. వాల్వులో ఉండ ఉన్నంతకాలం ఎంత మంత్రం వేసినా ఏడు నిమిషాలు ఏడు నిమిషాలే. శరీరం అలా కాదు. చాలా జబ్బులు వాటంతటవే తగ్గుతాయి, కొన్ని వస్తూ పోతూ ఉంటాయి. కామెర్లకి పసరు పోసేవాడి దగ్గరికి వెళ్ళినవాళ్ళలో చాలామందికి వెళ్ళకపోయినా తగ్గేది. ఫిట్స్ ఒకసారి వచ్చాక కొన్ని నెలలు రాకపోవచ్చు. ఆ నెలల్లో ఏం కట్టుకున్నా, ఏ మూల బరువు తీసేసినా పేరు దానికే వస్తుంది. అందువల్ల జబ్బుల విషయంలో ఒక ఇంటి అనుభవం సాక్ష్యంగా చాలదు, వందలమందిని పోల్చిచూసే పరీక్షలు కావాలి. ఆ సంగతి మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. మిషన్ దగ్గర నాలుగు గళ్ళు నింపినవాళ్ళకి మాత్రం వెంటనే ఎక్కుతుంది.

చట్టాలు లేకపోలేదు. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అది పేర్కొన్న జబ్బుల్లో మూర్ఛ కూడా ఉంది. నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టులో హత్య చేశాక మహారాష్ట్ర చట్టం తెచ్చింది, 2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ కూడా అమానుష ఆచారాలు, చేతబడుల మీద చట్టం చేసింది. మంచిదే. కానీ ఇంట్లో కూచుని టీ తాగుతూ "మాత్రలు మెల్లగా మానేయండి" అనే మాటని ఏ పోలీసూ వినడు.

సూరత్‌కి హేతువాదం కొత్తది కాదు. 1844లో ఇక్కడే దుర్గారామ్ మెహతా అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్ మొదలైనవాళ్ళతో కలిసి మానవ ధర్మ సభ పెట్టాడు. మంత్రగాళ్ళని నలుగురిలో మీ శక్తి చూపించమని సవాలు చేశారు. నర్మద్ ఈ ఊరివాడే. ఇప్పుడు సత్యశోధక్ సభ ఇక్కడ పనిచేస్తోంది. మన వైపు గోరా, రావిపూడి వెంకటాద్రి, శ్రీలంక నుంచి కోవూర్, వీళ్ళంతా వేదికల మీద చేసిన పని మనకి తెలుసు. సవాళ్ళు విసరాల్సిందే. కానీ సవాలులో ఓడిపోయేది బాబా, చప్పట్లు కొట్టేది మనం. ఇంటి దగ్గర ఉన్న తల్లి ఆ రెండిట్లోనూ లేదు. ఆమె చేతికి గడియారం, పిల్ల చేతికి పెన్సిలు ఇస్తే పరీక్ష చేసింది వాళ్ళే, ఫలితం వాళ్ళదే. నేను ఇటుకలు మోశాను, అంతే.

ఆ ఇంట్లో ఇప్పటికీ గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. మిషన్ వాయవ్యంలోనే ఉంది, అక్కడ గట్టు లేదు కాబట్టి అదే మంచి చోటు. ఆమె ధాగా కటింగ్ అయ్యాక బట్టలు వాకిట్లో దులిపి మరీ తొట్టిలో వేస్తోంది. నెలకోసారి ప్లగ్గు పీకి వాల్వు మూత తీసి చూస్తోంది. మాత్రలకి మాత్రం ఆ పిల్లే ఇంకో పేజీలో గళ్ళు గీసుకుంది. రోజుకి రెండు గళ్ళు, వేసుకున్నాక ఒక్కోదానికి ఒక టిక్కు. మీ చుట్టుపక్కల ఎవరైనా ఇలా ఏదైనా పనిచేసిందని చెబితే వెంటనే వాదనకి దిగకండి. ఆ రోజు ఇంకేమేమి మారాయో అడగండి.